అక్కగొంతు

పెరుగన్నంలో మాగాయ ముక్క నంజుకుంటూ హైమ ఎడమచేత్తో మీట నొక్కింది.

"పడవ వస్తోంది. ఉన్నచోటే ఉండండి. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టుకోండి," అని అక్క చెప్పింది.

కొండలకు అవతల, సముద్రం వచ్చి తిష్ఠ వేసిన పల్లపు ఊళ్ళలో, ఒక బడి మేడ మీద నిలబడ్డ జనం తలలెత్తి, పైన ఎగురుతూ మాట్లాడే గాలిగొంతు కేసి చూశారు. మధ్యాహ్నమే అయినా వానచీకటి కమ్మి ఎదురుగా ఉన్న మనిషి కూడా కంటికి ఆనడం లేదక్కడ. గాలిగొంతు పొట్టకింద నుంచి దీపం తెల్లటి కంబంలా వాళ్ళ మీదికి దిగుతోంది. ఆ వెలుతురులో ఒక తల్లి పిల్లాడిని ఒళ్ళోకి లాక్కుంది. నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. హైమ తెర మూలన, జనం ఎంత నిబ్బరంగా ఉన్నారో చూపే స్థిమితం ముల్లు కుదురుకుంది. ఆమె ఇంకో ముద్ద కలుపుకుని తర్వాతి ముడికి మారింది.

ముడి అంటే ఒకచోట చిక్కుకున్న జనం. పేర్లుండవు, ఊరుండదు. రంగు ఉంటుంది. పడవ బయల్దేరితే ఆకుపచ్చ, పడవ కోసం చూడాల్సి వస్తే పసుపు, పడవ పంపేది లేదని తేలితే బూడిద. ఏ ముడికి ఏ రంగో వరుస అనే లెక్కయంత్రం తేలుస్తుంది. నీటి మట్టం, జనం సంఖ్య, దూరం, పడవల ఆచూకీ అన్నీ వరుసకు తెలుసు. కళ్ళు మూసి తెరిచేలోగా అది లెక్క మార్చుకుంటుంది. ఏ రంగు ముడికైనా అక్క చెప్పే మొదటి మాట మాత్రం ఒకటే: పడవ వస్తోంది.

అలా ఎందుకు చెప్పాలో, అక్క చేత పలికించే హైమలాంటి పలుకుదారులకు శిక్షణలో మొదటిరోజే చూపిస్తారు. అక్క లేని కాలంలో రేవుగూడెం దగ్గర ఒక కప్పు మీది జనానికి తమకు పడవ రాదని తెలిసిపోయింది. పక్క కప్పు దగ్గరికి వచ్చిన పడవ మీదికి అందరూ ఒక్కుమ్మడిగా దూకారు. పడవ బోల్తాపడింది. రెండు కప్పుల జనమూ పోయారు. ఆ దృశ్యం చూసి హైమ ఆ రాత్రి అన్నం తినలేకపోయింది. అది చాలా ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు తుపాను పాళీల్లో ఆమె భోజనం బల్ల దగ్గరే కానిచ్చేస్తుంది. అందరూ అంతే.

అక్క ఎవరో ఒక మనిషి కాదు. ఎంతోమంది ఆడవాళ్ళ గొంతులు కలిపి, వాటిలోంచి వయసూ ఊరూ యాసా వడకట్టేస్తే మిగిలిన గొంతు. దానికి హైమ పనిచేసే తుపాను సహాయ కేంద్రం పెట్టిన పేరు వేరే ఏదో ఉంది, ఎవరికీ గుర్తులేదు. పల్లపు ఊళ్ళవాళ్ళు అక్క అన్నారు, అదే స్థిరపడింది. అక్కడ పిల్లలు మారాం చేస్తే "అక్కను పిలవనా" అంటారు. ఆకాశం నల్లబడితే "ఇంకా అక్క రాలేదేంటి" అనుకుంటారు. పలుకుదారు వాక్యపేటికలోంచి వాక్యం ఎంచి మీట నొక్కితే, మిగతాది అక్క చూసుకుంటుంది. పలుకుదారు దగ్గు వినపడదు, వణుకు వినపడదు.

ఈ ఉద్యోగం వల్ల హైమకు జరిగిన నష్టం ఏదీ పైకి కనిపించదు. జీతం బాగానే వస్తుంది, రక్తపోటు లేదు, నిద్ర పడుతుంది. ఒకసారి ఆమె భర్త శ్రీహరి వంటింట్లో వేడి నూనె చెయ్యి మీద ఒలకబోసుకుని కేక పెట్టాడు. హైమ అతని వెనక నిలబడి, "నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. సహాయం దగ్గరలోనే ఉంది," అంది. శ్రీహరి చెయ్యి కుళాయి కింద పెట్టుకుని ఆమె వైపు వింతగా చూశాడు. "సహాయం నువ్వే కదే," అన్నాడు. అప్పుడామె వెళ్ళి మందు తెచ్చి రాసింది. 

ఖాళీ డబ్బా మూతపెట్టి, చెయ్యి తుడుచుకుంటుండగా రాజారత్నం వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. పాళీ పెద్ద ఆయనే. పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడు. ఎవరినీ కసిరే అలవాటు లేదు. పలుకుదారుల వెనకగా నడుస్తుంటే ఆయన చెప్పుల చప్పుడు కూడా మెత్తగా ఉంటుంది.

"హైమా, గవ్వలదిబ్బ ఉప్పు కొటారు నీకిస్తున్నానమ్మా. పసుపు. కాస్త మాట్లాడే మనుషుల్లా ఉన్నారు," అన్నాడు.

"సరే సార్."

గాలిగొంతు గవ్వలదిబ్బ మీదికి దిగింది. ఉప్పు మడులన్నీ మునిగి, నీళ్ళ మధ్య ఉప్పు బస్తాలు దాచే కొటారు రేకుల కప్పు ఒక్కటే తేలినట్టుంది. దాని మీద పదీ పన్నెండు మంది. గోనెసంచులు కప్పుకుని ఒకరినొకరు ఆనుకుని ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే, నడివయసు దాటినవాళ్ళు. దీపం పడగానే వాళ్ళలోంచి ఒకామె లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి దోపుకుని, తలకు తుండు చుట్టుకుని ఉంది. అరిచినట్టు కాకుండా, దూరంగా ఉన్న కూలీలకు పని పురమాయించినట్టు మాట్లాడింది.

"అక్కా, నేను బాగ్యవతిని. ఈళ్ళందరికీ మేస్త్రిని నేనే. మాకు పడవెప్పుడొత్తది?"

హైమ మీట నొక్కింది. "పడవ వస్తోంది. ఉన్నచోటే ఉండండి."

"ఆయ్. ఉంటాం," అని భాగ్యవతి వెనక్కి తిరిగింది. "వత్తందంట. అందరూ మజ్జిలోకి జరగండి. సూరన్నా, నువ్విలా నా పక్కకి రా."

సూరన్న ముసలాయన. వంగి వంగి పాక్కుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "అక్కొచ్చిందిగా. ఇంక బయమేంటి," అన్నాడు దీపం వైపు చేతులు జోడించి. "పోయిన గాలివానకి నన్ను ఎత్తించింది ఈ అక్కే."

హైమ వాళ్ళను వదిలి ఇంకో రెండు ముడులు చూసి వచ్చింది. ఒకటి ఆకుపచ్చ. పడవ అందుకోవడం కూడా అయిపోయింది. ఆమె తిరిగి కొటారు తెర తెరిచేసరికి దాని అంచు పసుపులోంచి బూడిదకు మారింది. దగ్గర్లోని పడవను వరుస ఒక ఆసుపత్రి మేడకు మళ్ళించింది. అక్కడ జనం చాలా ఎక్కువ. ఆ లెక్కలో తప్పేమీ లేదు. వాక్యపేటికలో చాలా వాక్యాలు వెలవెలబోయి, నొక్కినా పలకని వాక్యాల కిందికి జారిపోయాయి. బూడిద ముడికి మిగిలేవి కొన్నే. పడవ వస్తోంది. ఉన్నచోటే ఉండండి. ధైర్యంగా ఉండండి. దేవుణ్ణి తలచుకోండి. చివరిది ఎవరు చేర్చారో తెలియదు.

భాగ్యవతి ఇంకా నిలబడే ఉంది. చేత్తో నీళ్ళ వైపు చూపిస్తోంది.

"అక్కా, ఒక్క మాట. ఈ కొటారు ఎనకాలనించి కాలవ గట్టు పోద్ది. అది ఎల్లి రైలు కట్టకి తగుల్తది. మాకు రోజూ నడిచే తోవే అది. ఈ సీకట్లో గట్టు మీద నీళ్ళెంతున్నాయో మాకు కనబట్టం లేదు. నీకు పైనించి కనబడద్ది కదా. దాటొచ్చంటే ఇప్పుడే దాటేత్తాం. లేదు పడవ వత్తాదంటే కూకుంటాం. రెంటిలో ఏది నిజమో అది సెప్పు, సాలు."

ఇంత సూటిగా ఎవరూ అడగరు. జనం ఏడుస్తారు, తిడతారు, దండాలు పెడతారు. వాటన్నిటికీ పేటికలో ఏదో ఒక వాక్యం ఉంది. హైమ అలవాటు కొద్దీ తెరమీద నీటి లోతు చూపే లోతుచూపు తెరిచింది. నీళ్ళ కింద గట్టు సన్నటి లేత గీతలా కనిపించింది. మోకాలు లోతు, కొన్నిచోట్ల తొడల దాకా. తూము దగ్గర గీత తెగింది. అక్కడ గట్టు కోసుకుపోయింది. అయినా తూము మీది ఇనపచట్రం నీళ్ళ పైన చెక్కుచెదరకుండా ఉంది. ఇంకాసేపట్లో ఆ లేత గీత కూడా ముదిరి మాయమవుతుంది.

హైమ వేలు మీట మీద ఉంది. ఆమె ఏమీ ఆలోచించలేదు. వేలే నొక్కింది.

"పడవ వస్తోంది. ఉన్నచోటే ఉండండి."

భాగ్యవతి ఒక్క క్షణం దీపంలోకి చూసింది. ఆ తర్వాత భుజాలు దించింది. గట్టు దిక్కుకు దిగడానికి అప్పటికే రేకు అంచు పట్టుకున్న ఒకామెను చెయ్యిపట్టి వెనక్కి లాగింది.

"అక్క సెప్పింది కదే. కూకో," అంది.

హైమ తర్వాతి ముడికి మారింది. అక్కడ మాట్లాడింది. దాని తర్వాతి దానికి మారింది. అక్కడా మాట్లాడింది. ఆమె చేతికింద పని ఎప్పటిలాగే సాగింది. కాని కూర్చోమన్న ఆ మాట చెవిలోంచి పోలేదు. భయపడిన గొంతయితే పోయేదే. అలాంటివి ఎన్నో వచ్చి పోయాయి. ఇది ఒక నిర్ణయం తీసుకుని, దాన్ని నమ్మి, మనసు కుదుటపడిన మనిషి గొంతు. ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసిన మాట తను ఇచ్చింది.

ఆమె చెవితొడుగు కిందికి లాగి వెనక్కి తిరిగింది. "సార్, కొటారు దగ్గర గట్టు ఇంకా దాటొచ్చు."

రాజారత్నం వచ్చి తెర మీదికి వంగి లోతుచూపు చూశాడు. చాలాసేపు చూశాడు. "తూము దగ్గర గండి ఉంది కదమ్మా."

"చట్రం ఉంది. పట్టుకుని దాటొచ్చు."

"దాటగలరేమో. దాటలేకపోతే?" ఆయన గొంతు పెంచలేదు. "మనం పొమ్మంటే పోయి పడిపోయినవాళ్ళు మన ఖాతాలో ఉంటారు. ఉన్నచోటే ఉండి పోయినవాళ్ళు తుపాను ఖాతాలో ఉంటారు. ఇది నేను పెట్టింది కాదు."

"పడవ రాదు కదా సార్ వాళ్ళకి."

"రాదు."

"ఆవిడ అదే అడిగింది."

రాజారత్నం ఆమె భుజం దాకా చెయ్యి తెచ్చి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. "నాకూ తెలుసమ్మా," అని పక్క బల్లల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ప్రతి బల్లకూ కుడివైపు గాజుమూత కింద ఒక మీట ఉంటుంది. అది సొంతగొంతు మీట. పాళీ మొదట్లో గాలిగొంతు పలుకుతోందో లేదో చూడడానికి "పరీక్ష, పరీక్ష" అనేందుకు తప్ప దాన్ని ఎవరూ వాడరు. హైమ మూత ఎత్తింది. లోపల దుమ్ము పేరుకుని ఉంది. తెరమీద కొటారు కప్పు అంచులకు అలలు తగులుతున్నాయి. భాగ్యవతి సూరన్న కాళ్ళ మీద గోనెసంచి సర్దుతోంది.

హైమ మీట నొక్కి మాట్లాడబోయింది.  ఎండిపోయిన కుళాయిలోంచి గాలి వచ్చినట్టు ఒక చప్పుడు మాత్రం ఊరంత పెద్దదై నీళ్ళ మీద మోగింది. కప్పు మీది జనం ఉలిక్కిపడి తలలెత్తారు.

"భాగ్యవతీ," అంది హైమ. "పడవ రావడం లేదు."

అది అక్క గొంతు కాదు. కాస్త బొంగురుగా, కాస్త ముక్కుతో, గోదావరికి ఉత్తరపు యాసతో ఉంది. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. భాగ్యవతి లేచింది.

"ఎవరే నువ్వు? మజ్జిలో ఎవరు మాట్టాడతన్నారు? అక్కేదీ?"

"అక్కను కాను. నా పేరు హైమ. కేంద్రంలో పనిచేస్తాను. అక్క చేత మాట్లాడించేది నేనే."

"మరి అక్క వత్తందని సెప్పిందే!"

"నేనే చెప్పించాను. మీట నొక్కాను. అది నిజం కాదు."

"ఇందాకట్నించీనా?"

హైమ కళ్ళు మూసుకుంది. "ఇందాక నువ్వు గట్టు సంగతి అడిగినప్పుడు కూడా. అప్పుడు నీళ్ళు మోకాళ్ళ దాకే ఉన్నాయి. ఇప్పుడు తొడల దాకా వచ్చాయి. ఇంకొంచెం ఆగితే దాటలేరు."

భాగ్యవతి నోటివెంట ఒక తిట్టు వచ్చింది. ఆ తిట్టు, తిట్లు వినపడకుండా కేంద్రంలో పెట్టిన జల్లెడలో ఆగిపోయి, హైమ చెవిలో చిన్న గరగరలా మాత్రం వినిపించింది. తర్వాత భాగ్యవతి ముఖం మీది వాన చేత్తో తుడుచుకుంది. ఆమె మేస్త్రి. తిట్టడానికి తర్వాత తీరిక ఉంటుందని తెలిసిన మనిషి.

"లైటు గట్టు మీదెయ్యి," అంది.

వాళ్ళు కొటారులోంచి ఉప్పు బస్తాలు కట్టే తాళ్ళు తీసి ఒకరి నడుముకొకరు కట్టుకున్నారు. పొట్టిగా ఉన్నవాళ్ళను పొడుగువాళ్ళ మధ్య పెట్టింది భాగ్యవతి. సూరన్న దగ్గరికి వచ్చేసరికి ఆయన తాడు తోసేశాడు.

"నేను రాను. ఇదెవరో మాయగొంతు. అక్క పడవ వత్తందని సెప్పింది. అక్క ఏనాడైనా అబద్దం ఆడిందా?"

"సూరన్నా, లెగు. ఆవిడే సెప్తంది కదా, అబద్దవంట."

"ఈవిడ ఎవరు సెప్పటానికి? అక్కని సెప్పమను. లెగుత్తాను."

భాగ్యవతి పైకి చూసింది. హైమ పేటిక తెరిచి వెతికింది. 'బయల్దేరండి' అనే వాక్యం ఉంది. నొక్కింది. బూడిద ముడికి అది పలకదు. మళ్ళీ నొక్కింది. వరుసే అడ్డుపడి, ఖాళీ వదలకూడదన్నట్టు, తనంతట తాను మిగిలిన వాక్యాన్ని పలికించింది.

"పడవ వస్తోంది. ఉన్నచోటే ఉండండి."

"ఇన్నావా?" అన్నాడు సూరన్న, పిల్లాడిలా సంబరంగా.

అప్పటికి వాళ్ళలో ఇద్దరు మళ్ళీ కూర్చోబోయారు. భాగ్యవతి తాడు గట్టిగా గుంజి వాళ్ళను లేపింది. ముసలాయన పక్కన వంగి చెవిలో ఏదో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులతో రేకు మేకు గట్టిగా పట్టుకున్నాడు. భాగ్యవతి ఆయన వేళ్ళు విడదీయడానికి చూసింది. రాలేదు. ఆమె తన తలకు చుట్టుకున్న తుండు విప్పి ఆయనను ఆ మేకుకే కట్టి, అందరికంటే ముందుగా నీళ్ళలోకి దిగింది.

దీపం ఒక్కటే ఉంది. హైమ దాన్ని కప్పు మీద నుంచి తీసి గట్టు మీద వేసింది. కొటారు చీకట్లో కలిసిపోయింది.

అప్పుడే రాజారత్నం వచ్చాడు. ఆయన చెవిలో ఇంకా పైవాళ్ళ మాట గొణుగుతున్నట్టుంది. చెవితొడుగు చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"హైమా, నీ గొంతు తీసెయ్యమంటున్నారమ్మా పైనుంచి."

"కాసేపు ఆగండి సార్."

"ఆగలేను. నా చేతుల్లో లేదు." బల్ల కింది తాళం మీద ఆయన చెయ్యి ఉంది. "చెప్పేదేదో తొందరగా చెప్పెయ్యి."

హైమ మీట మీదికి వంగింది. "భాగ్యవతీ, నా గొంతు పోతుంది. దీపం చూసుకోండి. అది కదిలితే నడవండి. ఆగితే ఆగండి. ఆర్పి వెలిగిస్తే వెనక్కి రండి. వింటున్నావా?"

"ఇంటన్నా," అన్న మాట వినపడింది. ఆ వెంటనే హైమ బల్ల మీదా, హాలులో మిగతా బల్లలన్నిటి మీదా చిన్న ఎర్రచుక్క వెలిగి సొంతగొంతు పోయింది.

"దీపం?" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

"దీపం గురించి వాళ్ళేమీ అనలేదు," అన్నాడు రాజారత్నం. ఆయన అక్కడినుంచి కదల్లేదు.

హైమ దీపాన్ని చిన్నది చేసి, ఒక మనిషి అడుగు పట్టేంత గుండ్రంగా కుదించి, గట్టు నడిమి గీత మీద పెట్టింది. దాన్ని నెమ్మదిగా ముందుకు జరిపింది. తాడుకట్టిన మనుషుల వరుస దాని వెనక నడిచింది. ఇన్నేళ్ళలో ఆమె కొన్ని లక్షల మాటలు పలికించింది, ఒక్కసారి కూడా ఎవరి కాలు ఎక్కడ పడుతోందో చూడలేదు. ఇప్పుడు అదొక్కటే చూస్తోంది. పక్కకు గుంజే నీరు వచ్చినచోట దీపం ఆగింది. వాళ్ళు ఆగారు. అల పోయాక కదిలింది. వాళ్ళూ కదిలారు. మధ్యలో ఒకామె జారి మెడదాకా మునిగింది. తాడు బిగుసుకుంది. ముందూ వెనకా ఉన్నవాళ్ళు ఆమెను లేపారు. హైమకు అక్కడ ఒక అరుపు వినపడింది. దాన్ని ఓదార్చే వాక్యం కోసం వేలు దానంతట అది పేటిక వైపు పోయింది. ఆమె ఆ చేతిని ఒళ్ళోకి లాక్కుని తొడకు అదిమి పట్టింది.

తూము దగ్గర దీపం ఆగింది. గండిలో నీరు సుడులు తిరుగుతోంది. హైమ దీపాన్ని గండి మీద పెట్టి, అక్కడినుంచి ఇనపచట్రం మీదికి జరిపింది. మళ్ళీ గండి మీద పెట్టింది, మళ్ళీ చట్రం మీదికి. భాగ్యవతికి అర్థమైంది. చట్రం పట్టుకుని ముందు తను అవతలికి చేరి, తాడును తన నడుముకూ కమ్మీకీ బిగించి, ఒక్కొక్కరినీ లాగింది. అంతసేపూ రాజారత్నం కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. చివరి మనిషి అవతల కాలు పెట్టినప్పుడు ఆయన ముక్కులోంచి గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

రైలు కట్ట మీద అప్పటికే జనం ఉన్నారు. చేతులు చాచి వీళ్ళను పైకి లాక్కున్నారు. భాగ్యవతి నడుము తాడు విప్పకుండానే దీపం వైపు తిరిగింది.

"అమ్మా, సూరన్న మీద లైటెయ్యి. ఆడికి సీకటంటే బయం."

హైమ అప్పటికే గాలిగొంతును వెనక్కి తిప్పింది. గట్టు గీత లోతుచూపులో ఇక కనిపించడం లేదు. కొటారు కప్పు దగ్గరికి వచ్చింది. సూరన్నను కట్టిన వైపు రేకుల వరుస లేచిపోయి ఉంది. ఆమె దీపాన్ని పెద్దది చేసి, అంచు నుంచి అంచు దాకా వెతికింది. నీళ్ళలో వెతికింది. కాలువ వాలులో చాలా దూరం వెతికింది. ఎవరూ లేరు.

"ఆయన రానన్నాడమ్మా," అన్నాడు రాజారత్నం.

"అవును సార్," అంది హైమ. తన గొంతు మామూలుగానే ఉండడం ఆమెకు వినపడింది. ఏడుపు రాలేదు. ఏడుపు రావలసిన చోట ఏదో తిమ్మిరెక్కినట్టు ఉంది. తిమ్మిరెక్కిన కాలు మోపినప్పుడు సూదులు గుచ్చుకున్నట్టుగా, అందులో ఎక్కడో సన్నగా పోటు మొదలైంది.

పక్క బల్ల దగ్గర ఇందుమతి లేచి నిలబడింది. కొత్తగా చేరిన పిల్ల, మాట తొందర. "సార్, మా కప్పు మీద అడుగుతున్నారు. పడవ నిజంగా వస్తోందా అని. ఏ వాక్యం నొక్కాలి?"

"ఏ రంగు?"

"ఆకుపచ్చ సార్. పడవ బయల్దేరింది. వస్తోందనే అక్క చెప్పింది. నమ్మడం లేదు. కొటారువాళ్ళకు కూడా అక్క అలాగే చెప్పిందంట కదా అంటున్నారు."

గాలిగొంతు పలికిన మాట నీళ్ళ మీద చాలా దూరం పోతుంది. గవ్వలదిబ్బ చుట్టుపక్కల కప్పులన్నీ విన్నాయి. రైలు కట్ట మీద సిగ్నల్ ఉంది. కట్ట ఎక్కినవాళ్ళు తమవాళ్ళకు ఫోన్లు చేశారు. హాలులో ఒక బల్ల తర్వాత ఒక బల్ల దగ్గర తలలు లేచాయి. పడవ నిజంగా వస్తోందా? ఆ ప్రశ్న ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు పాకింది. పేటికలో దానికి జవాబు లేదు. స్థిమితం ముళ్ళన్నీ పడిపోతున్నాయి. వరుస తనంతట తాను అక్క చేత పలికిస్తోంది. పడవ వస్తోంది, పడవ వస్తోంది, పడవ వస్తోంది. అది పలికిన ప్రతిసారీ ముల్లు ఇంకాస్త కిందికి దిగింది.

"దిగుతున్నారు సార్," అంది ఇందుమతి. ఆమె గొంతు చీలింది. "పడవ నిజంగానే వస్తోంది. మలుపు దాకా వచ్చేసింది. వీళ్ళు దిగిపోతున్నారు. నీళ్ళు లోతక్కడ."

రాజారత్నం హైమ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. నువ్వు చేసిందేమిటో చూడు అన్నట్టే ఉంది. హైమ చూసింది. 

"అక్క ఏం చెప్పినా ఇక వినరు సార్," అంది. "మనిషి చెప్పాలి."

ఆయన చెవితొడుగులో పైవాళ్ళు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. రాజారత్నం దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. హాలు చివర గోడకున్న సొంతగొంతుల పెట్టె దగ్గరికి నడిచాడు. ఆయన చెప్పులు మొదటిసారి చప్పుడు చేశాయి. మీట పైకెత్తగానే ప్రతి బల్ల మీదా ఎర్రచుక్క ఆరిపోయింది.

ఇందుమతి గాజుమూత విరిగిపోయేలా తెరిచింది. "అయ్యా, నేను... నా పేరు ఇందుమతి. దిగకండి, దిగకండి బాబూ. పడవ నాకు కనిపిస్తోంది. మలుపు దగ్గరుంది, దాని ముందు పచ్చదీపం ఉంది, మీకు ఎడమవైపు, కాసేపట్లో మీకూ కనిపిస్తుంది. కనిపించకపోతే నన్ను తిట్టండి. ఒక్క నిమిషం ఆగండి." ఆమె ఏడుస్తూనే చెబుతోంది. కప్పు అంచున కాలు దించిన మనిషి ఆ కాలు అలాగే ఉంచి ఎడమవైపు తిరిగి చూశాడు.

హాలంతా గొంతులతో నిండింది. ఇన్నేళ్ళుగా పక్కపక్కన కూర్చున్నా ఒకరి గొంతు ఒకరు ఇంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. ఒకరిది కీచుగొంతు, ఒకరికి నత్తి. ఆకుపచ్చ ముడుల దగ్గర ఉన్నవాళ్ళు త్వరత్వరగా మాట్లాడుతున్నారు. బూడిద ముడుల ముందున్నవాళ్ళు మీట మీద వేలు పెట్టి, నోరు తెరిచి, ఆగిపోతున్నారు.

హైమకు వరుస కొత్త ముడి ఇచ్చింది. సిమెంటు ట్యాంకు మీద ఒక కుటుంబం. అంచు బూడిద. ఆమె గాలిగొంతును దించి దీపం వేసింది. తువ్వాలు భుజాన వేసుకున్న ఒకాయన వాన అడ్డుపడకుండా కళ్ళకు చెయ్యి పెట్టుకుని పైకి చూశాడు. అతని ముఖంలో ఆశా కనిపించలేదు, భయమూ కనిపించలేదు. బేరం మొదలుపెట్టే ముందు ఎదుటివాణ్ణి అంచనా వేస్తున్నట్టు ఉంది.

"ఏవమ్మా," అన్నాడు. "నువ్వు అక్కవా, మడిసివా?"

హైమ లోతుచూపు తెరిచింది. ట్యాంకు చుట్టూ ఎటు చూసినా లోతే. ఉత్తరాన ఒక తాటితోపు, దాని అవతల ఎత్తుగా ఏదో మట్టిదిబ్బ. మధ్యలో నీళ్ళ గుంజుడు ఎంతో ఇంకా తేలలేదు.

"మనిషినే," అంది.

అతను వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు. ఆమె పసిపిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని తల ఊపింది.

"అయితే సెప్పు," అన్నాడతను.